యాంటీబయాటిక్ వేటిని చంపుతుంది, వేటిని పెంచుతుంది (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. యాంటీబయాటిక్ మాత్ర వేసుకున్నప్పుడు అది రోగం తెచ్చిన బ్యాక్టీరియా దగ్గరికి మాత్రమే వెళ్లదు. రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. నోట్లో, గొంతులో, చర్మం మీద, పేగుల్లో ఉన్న బ్యాక్టీరియాకు కూడా తగులుతుంది. ఒక మనిషి ఒంట్లో ఇవి సుమారు 38 లక్షల కోట్లు ఉంటాయని అంచనా. అందులో చాలా భాగం పెద్దపేగులోనే. గొంతునొప్పికి వేసుకున్న మందు గొంతు దగ్గర పని చేస్తున్న సమయంలోనే పేగుల్లోని లక్షల కోట్ల మీద కూడా పని చేస్తుంది. మందులకు లొంగని ఇన్‌ఫెక్షన్లలో పెద్ద భాగం మొదలయ్యేది అక్కడే. ఈ సంగతి పట్టుకుంటే యాంటీబయాటిక్ ఎప్పుడు వాడాలి, ఏది వాడాలి, ఎన్ని రోజులు వాడాలి అన్న ప్రశ్నలకు జవాబులు వాటంతట అవే దొరుకుతాయి.

సమస్య ఎంత పెద్దదో ఒక్క మాటలో చెబుతాను. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా చనిపోయినవాళ్లు ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది అని అంచనా. అలాంటి ఇన్‌ఫెక్షన్ ఉండగా చనిపోయినవాళ్లను మొత్తం కలిపితే 49.5 లక్షలు.

"ఒంటికి మందు అలవాటైపోయింది, అందుకే పట్టడం లేదు" అని చాలామంది అంటుంటారు. మారేది ఒళ్లు కాదు, బ్యాక్టీరియా. అది కూడా ఒక్కో బ్యాక్టీరియా మెల్లగా అలవాటు పడటం కాదు. ఏ పెద్ద గుంపులోనైనా మందును తట్టుకోగలిగినవి ముందే కొన్ని ఉంటాయి. మందు తక్కినవాటిని చంపేస్తుంది, చోటూ ఆహారమూ తట్టుకున్నవాటికి మిగులుతాయి. ప్రయోగశాలలో అన్నీ అమరితే ఇ.కొలై అనే పేగు బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. పేగుల్లో అంత వేగం ఉండదు. అయినా కొద్ది రోజుల్లో గుంపు మొత్తం మారిపోవడానికి ఆ వేగం చాలు.

తట్టుకునే దారులు ఎన్నో లేవు. మందును ముక్కలు చేసే ఎంజైమును తయారుచేసుకోవడం ఒకటి. పెన్సిలిన్ జాతి మందులను విరిచే బీటా లాక్టమేజ్‌లు ఇవే. పెన్సిలిన్ రోగుల చేతికి విరివిగా అందకముందే, 1940లోనే ఇలాంటి ఎంజైమును పరిశోధకులు గుర్తించారు. మందు అతుక్కునే చోటు ఆకారాన్ని మార్చుకోవడం ఇంకొకటి. మెథిసిలిన్‌కు లొంగని స్టాఫ్ ఆరియస్ అనే బ్యాక్టీరియా, అంటే ఎంఆర్ఎస్ఏ, చేసే పని ఇదే. కొన్ని బ్యాక్టీరియాలు లోపలికి వచ్చిన మందును పంపుల్లాంటి ప్రొటీన్లతో బయటకు తోసేస్తాయి. మందు లోపలికి వచ్చే రంధ్రాలను తగ్గించుకునేవీ ఉన్నాయి. ఈ దారుల్లో రెండు మూడు ఒకే బ్యాక్టీరియాలో కలిసినప్పుడు మనకు మిగిలే మందులు ఒకటో రెండో.

ఇక్కడ రెండు రకాల పరిస్థితులను వేరు చేసి చూడాలి. ఈ తేడా తెలియకే సలహాల్లో చాలా గందరగోళం వస్తోంది.

మొదటిది క్షయ లాంటిది. క్షయలో నిరోధకత, అంటే మందును తట్టుకునే గుణం, రోగం తెచ్చిన క్రిమిలోనే, చికిత్స జరుగుతుండగానే పుడుతుంది. ఐసోనియాజిడ్‌ను తట్టుకునేవి దాదాపు పది లక్షల క్రిముల్లో ఒకటి ఉంటాయి, రిఫాంపిసిన్‌ను తట్టుకునేవి దాదాపు పది కోట్లలో ఒకటి. ఊపిరితిత్తిలో గుల్లపడిన ఒక క్షయ గాయంలో పది కోట్లకు పైగా క్రిములు ఉండగలవు. అంటే ఏ ఒక్క మందు ఇచ్చినా దాన్ని తట్టుకునేవి అప్పటికే అక్కడ సిద్ధంగా ఉన్నట్టే. రెండు మందులనూ తట్టుకునేది కావాలంటే కోటి కోట్లలో ఒకటి, అంత గుంపు ఒంట్లో ఉండదు. నాలుగు మందులు కలిపి రెండు నెలలు, తర్వాత రెండు మందులు నాలుగు నెలలు ఇవ్వడం వెనకున్న లెక్క ఇది. 1948లో బ్రిటన్‌లో ప్రచురితమైన స్ట్రెప్టోమైసిన్ పరీక్షలో ఆ ఒక్క మందే ఇచ్చినప్పుడు రోగులు మొదట కోలుకున్నారు. తర్వాత చాలామందిలో మందుకు లొంగని క్రిములు బయటపడ్డాయి. క్షయ మందుల్లో ఒక్కదాన్ని మానినా, నెల ముందే ఆపినా ఈ లెక్క తప్పుతుంది. ఇక్కడ "కోర్సు మధ్యలో ఆపొద్దు" అన్న మాట అక్షరాలా నిజం.

రెండోది మన రోజువారీ ఇన్‌ఫెక్షన్లలో ఎక్కువ భాగం. మూత్రనాళం, రక్తం, గాయాల ఇన్‌ఫెక్షన్లకు కారణమయ్యే ఇ.కొలై, క్లెబ్సియెల్లా, స్టాఫ్ ఆరియస్ మామూలుగా మన పేగుల్లోనో, ముక్కులోనో, చర్మం మీదో ఏ హానీ చేయకుండా ఉండేవే. వేరే జబ్బుకు వాడిన మందు వీటిలో లొంగేవాటిని చంపి మొండివాటికి చోటిస్తుంది. పంటంతా పీకేసిన నేలలో కలుపే ముందు లేచినట్టు, ఖాళీ అయిన పేగులో మొండి బ్యాక్టీరియా విస్తరిస్తుంది. మూడు నెలల తర్వాత ఆ ఇ.కొలైయే మూత్రాశయంలోకి చేరితే, అప్పుడు వేసిన మందు పనిచేయదు. ఒక మనిషి యాంటీబయాటిక్ వాడిన తర్వాత ఆ మనిషి ఒంటిలోని బ్యాక్టీరియాలో నిరోధకత మొదటి నెలలో బాగా ఎక్కువగా ఉండి, ఏడాది వరకూ జాడలు కనిపించినట్టు అధ్యయనాలు చూపించాయి. అందుకే డాక్టరు "గత కొన్ని నెలల్లో ఏమైనా యాంటీబయాటిక్ వాడారా" అని అడిగితే సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పండి. మందు ఎంపిక దాన్ని బట్టి మారుతుంది.

పేగులో ఇంకో పని కూడా జరుగుతుంది. బ్యాక్టీరియాలు నిరోధక జన్యువులను ఒకదానికొకటి ఇచ్చుకుంటాయి. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయం ఒకదాని నుంచి ఇంకోదానికి, ఒక జాతి నుంచి ఇంకో జాతికి కూడా వెళుతుంది. ఒకే ప్లాస్మిడ్ మీద నాలుగైదు మందులకు సంబంధించిన జన్యువులు పక్కపక్కనే ఉండటం మామూలే. కాబట్టి ఒక చిన్న మందును అనవసరంగా వాడినా దానితో ముడిపడిన పెద్ద మందుకూ నిరోధకత పెరుగుతుంది. చివరి అస్త్రంగా దాచుకున్న కొలిస్టిన్ అనే మందు విషయంలో ఇలా జన్యువులు చేతులు మారడం స్పష్టంగా కనిపించింది. దాన్ని తట్టుకునే ఎంసీఆర్-1 అనే జన్యువు ప్లాస్మిడ్ మీద ఉన్నట్టు 2015లో చైనా నుంచి నివేదిక వచ్చింది. పందుల్లో, మాంసంలో, ఆసుపత్రి రోగుల్లో కూడా అది దొరికింది.

ఇప్పుడు కోర్సు సంగతికి వద్దాం. "తగ్గినా సరే, పూర్తి కోర్సు వాడకపోతే బ్యాక్టీరియా మొండికేస్తుంది" అని దశాబ్దాలుగా చెబుతూ వచ్చాం. క్షయకు సరైన ఈ మాటను అన్నిటికీ అంటగట్టడం సరికాదని నా అభిప్రాయం. రోజువారీ ఇన్‌ఫెక్షన్లలో మందు ఎన్ని ఎక్కువ రోజులు ఉంటే పేగుల్లోని బ్యాక్టీరియా మీద ఒత్తిడి అంత పెరుగుతుంది. కావాల్సింది తగినన్ని రోజులు, ఒక్క రోజు కూడా అదనం కాదు. ఆసుపత్రి బయట వచ్చిన న్యుమోనియాలో రోగి మూడో రోజుకల్లా కుదుటపడితే చాలామందికి 5 రోజులు చాలు. ఆడవాళ్లలో మామూలు మూత్రాశయ ఇన్‌ఫెక్షన్‌కు నైట్రోఫ్యురాంటోయిన్ 5 రోజులు. రక్తంలో ఇన్‌ఫెక్షన్‌కు 14 రోజులు తప్పనిసరి అనుకునేవాళ్లం. 2024లో వెలువడిన బ్యాలెన్స్ అనే చికిత్సా పరీక్షలో 3,600 మందికి పైగా రోగులను చూశారు, 90 రోజుల్లో మరణాల విషయంలో 7 రోజుల చికిత్స 14 రోజులకు ఏమాత్రం తీసిపోలేదు.

కానీ ఆ పరీక్షలో స్టాఫ్ ఆరియస్ రోగులను చేర్చలేదు. అది రక్తంలో ఉంటే కనీసం 14 రోజులు, గుండె కవాటానికో ఎముకకో పట్టుకుంటే వారాల తరబడి ఇవ్వాలి. స్ట్రెప్టోకాకస్ గొంతు ఇన్‌ఫెక్షన్‌లో గుండె కవాటాలను దెబ్బతీసే రుమాటిక్ జ్వరం ముప్పు ఉన్నచోట పెన్సిలిన్ 10 రోజులు వాడాలి, మూడో రోజుకే నొప్పి పోయినా సరే. కాబట్టి నేను చెప్పేదాన్ని "తగ్గగానే మీరే ఆపేయండి" అని అర్థం చేసుకోకండి. మందు రాసేటప్పుడే "ఎన్ని రోజులు? ఎందుకు అన్ని రోజులు?" అని అడగండి. రాసినవాళ్ల దగ్గర దానికి జవాబు ఉండాలి.

అసలు అవసరమే లేని చోట వాడిన మందు పేగు మీద చేసే హాని అంతా నష్టమే, లాభం సున్నా. జలుబు, ఫ్లూ, చాలా గొంతునొప్పులు, చాలా బ్రాంకైటిస్‌లు వైరస్‌ల వల్ల వచ్చేవే. కఫం పసుపుగానో ఆకుపచ్చగానో మారితే బ్యాక్టీరియా చేరిందనుకుంటారు. ఆ రంగు మన తెల్లకణాల్లోని ఎంజైముల నుంచి వస్తుంది, వైరస్ జబ్బులోనూ వస్తుంది. బ్రాంకైటిస్ దగ్గు రెండున్నర, మూడు వారాలు లాగుతుంది. ఐదో రోజున మందు మొదలుపెట్టి ఇరవయ్యో రోజున తగ్గితే ఆ ఘనత మందుది కాదు. గొంతునొప్పిలో బ్యాక్టీరియా అవకాశాన్ని అంచనా వేయడానికి నాలుగు గుర్తులు చూస్తాం: 38 డిగ్రీలు దాటిన జ్వరం, దగ్గు లేకపోవడం, మెడ ముందు భాగంలో నొక్కితే నొప్పి పుట్టే గడ్డలు, టాన్సిల్స్ మీద తెల్లని పొర. వీటిలో ఒకటీ లేకపోతేనో, ఒక్కటే ఉంటేనో యాంటీబయాటిక్ మాట ఎత్తాల్సిన పనిలేదు.

ఇంకో పెద్ద దుబారా మూత్ర పరీక్ష చుట్టూ జరుగుతుంది. మంట లేదు, జ్వరం లేదు, మాటిమాటికీ వెళ్లాల్సిన అవసరం లేదు, కానీ కల్చర్‌లో, అంటే నమూనాను ల్యాబ్‌లో ఉంచి ఏం పెరుగుతుందో చూసే పరీక్షలో, బ్యాక్టీరియా కనిపించింది. వయసు పైబడినవాళ్లలో ఇది చాలా మామూలు. నెల రోజులకు పైగా క్యాథెటర్, అంటే మూత్రం పోవడానికి పెట్టిన గొట్టం, ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ ఉంటుంది. గర్భిణులకు, మూత్రనాళంలో శస్త్రచికిత్స చేయబోయేవాళ్లకు తప్ప దీనికి మందు అక్కర్లేదు. మూత్రం వాసన వేస్తోందని, మసకగా ఉందని కల్చర్‌కు పంపడమే మొదటి పొరపాటు. పంపితే ఏదో ఒకటి పెరుగుతుంది, పెరిగితే ఎవరో ఒకరు మందు రాస్తారు.

మందు అవసరమైనప్పుడు ఏది వాడాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్స్‌ను మూడు గుంపులుగా విడదీసింది. మొదటిది యాక్సెస్ గుంపు: అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్, సెఫాలెక్సిన్, నైట్రోఫ్యురాంటోయిన్ లాంటివి. నిరోధకత పెంచే గుణం వీటిలో తక్కువ, ముందుగా వీటినే తలచుకోవాలి. రెండోది వాచ్ గుంపు: అజిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెమ్ లాంటివి, నిరోధకత పెంచే గుణం వీటిలో ఎక్కువ. మూడోది రిజర్వ్: కొలిస్టిన్, లినెజోలిడ్ లాంటివి, వేరే దారి లేనప్పుడే. 2030 నాటికి వాడకంలో కనీసం 70 శాతం యాక్సెస్ గుంపు నుంచే ఉండాలని 2024 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో దేశాలు ఒప్పుకున్నాయి. మీ చీటీలో అజిత్రోమైసిన్ ఉంటే అది తేలికపాటి మందు అనుకోకండి. రోజుకొకటి, మూడు రోజులే కదా అని తేలిగ్గా రాస్తారు. కానీ మాత్రలు అయిపోయాక కూడా అది కణాల్లో చాలా రోజులు కొద్దికొద్దిగా నిలిచి ఉంటుంది. అంత కొద్ది మోతాదు బ్యాక్టీరియాను చంపదు, తట్టుకునేవాటిని ఏరి పెడుతుంది.

వేసుకునే పద్ధతిలోనూ మెలకువ ఉంది. అమాక్సిసిలిన్ లాంటివి రక్తంలో ఒక స్థాయికి పైన ఎంత సేపు ఉంటే అంత బాగా పనిచేస్తాయి. అందుకే 8 గంటలకోసారి అన్నది 8 గంటలకోసారే. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం త్వరత్వరగా వేసేసుకుని రాత్రంతా ఖాళీగా వదిలితే బ్యాక్టీరియాకు ఊపిరి పీల్చుకునే సమయం ఇచ్చినట్టే. డోసు మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవచ్చు, రెండు డోసులు కలిపి మాత్రం వద్దు. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటివి పాలలోని కాల్షియంతో, ఐరన్ మాత్రలతో, యాంటాసిడ్లతో కలిస్తే సరిగా రక్తంలోకి చేరవు. సిప్రోఫ్లాక్సాసిన్‌ను వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. ఈ ఒక్క కారణంతో "మందు పట్టలేదు" అని ఇంకో పెద్ద మందుకు మారినవాళ్లు ఉంటారు. పిల్లల సిరప్‌ను ప్రతిసారీ బాగా కుదిపి, చెంచాతో కాకుండా గీతలున్న సిరంజితో కొలవండి. నీళ్లు కలిపిన సిరప్ సీసా మీద రాసిన 7 రోజులకో 14 రోజులకో పారేయాల్సిందే.

పరీక్షల దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే సరైన మందు సరైన నమూనా మీదే ఆధారపడి ఉంటుంది. బ్లడ్ కల్చర్ తీయాలంటే మొదటి డోసు ఇవ్వకముందే తీయాలి. పెద్దవాళ్లలో ఒక్కో సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు, ఒక సెట్‌కు రెండు సీసాలు, వేర్వేరు చోట్ల గుచ్చి కనీసం రెండు సెట్లు. ఇంత రక్తం ఎందుకంటే తీవ్ర ఇన్‌ఫెక్షన్‌లో కూడా మిల్లీలీటరు రక్తానికి ఒక్క బ్యాక్టీరియా కూడా లేకపోవచ్చు. 3 మిల్లీలీటర్లు తీసి పంపితే బ్యాక్టీరియా లేదని రిపోర్టు రావచ్చు, నిజానికి అది మనకు చిక్కలేదంతే. చర్మాన్ని ఆల్కహాల్ కలిపిన క్లోర్‌హెక్సిడిన్‌తో తుడిచి, పూర్తిగా ఆరేదాకా ఆగాలి. తడిమీద గుచ్చితే చర్మం మీది స్టాఫ్ సీసాలోకి వెళుతుంది. అది రక్తంలోనే ఉందనుకుని తర్వాత రోగికి అక్కర్లేని వాంకోమైసిన్ అనే మందు రోజుల తరబడి ఎక్కుతుంది. మూత్రమైతే మొదటి ధారను వదిలి మధ్యలోది పట్టాలి. రెండు గంటల్లో ల్యాబ్‌కు చేరాలి, వీలుకాకపోతే ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచాలి. బయట ఉంచితే ఉన్న పది బ్యాక్టీరియాలే లక్షలై కూర్చుంటాయి.

ల్యాబ్‌లో బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో చూసే సెన్సిటివిటీ పరీక్షకు ముల్లర్ హింటన్ అగార్ అనే జెల్లీ లాంటి పదార్థాన్ని 4 మిల్లీమీటర్ల మందంలో పోస్తారు. నిర్ణీత మసకదనం ఉన్న బ్యాక్టీరియా ద్రవాన్ని దాని మీద పరిచి, 15 నిమిషాల్లోపు మందు బిళ్లలు పెట్టి, 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు ఉంచి, బిళ్ల చుట్టూ ఏమీ పెరగని వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. అగార్ మందంగా పోసినా, బ్యాక్టీరియా ఎక్కువ పరిచినా వలయం చిన్నదై, లొంగే బ్యాక్టీరియా మొండిదిగా కనిపిస్తుంది. కొలిస్టిన్‌కు ఈ బిళ్ల పద్ధతి అసలు పనికిరాదు, దాని అణువు పెద్దది, అగార్‌లో సరిగా పాకదు. రిపోర్టు చదివేటప్పుడు ఎంఐసీ, అంటే బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస మందు మోతాదు, అంకెలు చూసి "దీనికి 0.5, దానికి 2, కాబట్టి మొదటిదే గట్టిది" అని పోల్చకండి. లొంగేదాన్నీ మొండిదాన్నీ వేరు చేసే గీత ఒక్కో మందుకు ఒక్కోచోట ఉంటుంది. అంకె చిన్నదా పెద్దదా అన్నది ఆ మందు గీతతోనే చూడాలి.

ఇన్‌ఫెక్షన్ వల్ల రక్తపోటు ప్రమాదకరంగా పడిపోయే సెప్టిక్ షాక్ అనుమానం ఉంటే మాత్రం ఇవేవీ కారణంగా చూపి ఆలస్యం చేయకూడదు. కల్చర్ తీసి గంటలోపు విస్తృతంగా పనిచేసే మందు ఇవ్వాల్సిందే. తప్పు జరిగేది ఆ తర్వాత. 48 నుంచి 72 గంటలకు రిపోర్టు వస్తుంది. అప్పుడు కూర్చుని, ఆపేయొచ్చా, తక్కువ రకాల బ్యాక్టీరియాకే తగిలే చిన్న మందుకు మార్చొచ్చా, ఇంజక్షన్ బదులు మాత్ర ఇవ్వొచ్చా అని చూడాలి. రోగి బాగుపడుతున్నాడు కదా, ఎందుకు కదిలించడం అన్న భయంతో మెరోపెనెమ్‌ను పదో రోజుదాకా లాగుతారు. శస్త్రచికిత్సలదీ ఇదే తీరు. కోత పెట్టడానికి ముందు 60 నిమిషాల్లోపు ఒక డోసు సెఫాజోలిన్, ఆపరేషన్ 4 గంటలు దాటితే ఇంకోటి. చాలా ఆపరేషన్లకు అంతటితో సరి. కుట్లు విప్పేదాకా మాత్రలు వాడినా గాయం ఇన్‌ఫెక్షన్లు తగ్గవు. పేగు మాత్రం దెబ్బతింటుంది, క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా విరేచనాలు తెచ్చే అవకాశమూ పెరుగుతుంది.

మందులకు లొంగని ఇన్‌ఫెక్షన్ల వల్ల ఐదేళ్లలోపు పిల్లల మరణాలు 1990 నుంచి 2021 మధ్య సగానికి పైగా తగ్గాయి. డెబ్బై ఏళ్లు దాటినవాళ్లలో మాత్రం 80 శాతానికి పైగా పెరిగాయి. పిల్లల్లో ఈ మార్పు కొత్త యాంటీబయాటిక్స్ వల్ల వచ్చింది కాదు. న్యుమోనియా, మెనింజైటిస్ తెచ్చే న్యుమోకాకస్, హిబ్ బ్యాక్టీరియాలకు ఇచ్చే టీకాలు, శుభ్రమైన నీళ్లు, మరుగుదొడ్లు చేసిన పని అది. రాని ఇన్‌ఫెక్షన్‌కు మందు అక్కర్లేదు. యాంటీబయాటిక్ నిరోధకత మీద పెట్టే ఖర్చులో మొదటి వాటా వీటికే పోవాలని గట్టిగా నమ్ముతాను.

రెండు ప్రశ్నలు తీసుకుందాం.

ప్రశ్న: చిన్నప్పుడు పెన్సిలిన్ పడలేదని చెప్పారు. జీవితాంతం మానేయాలా?

చాలా మంచి ప్రశ్న. పెన్సిలిన్ పడదని రాసి ఉన్నవాళ్లను పరీక్షిస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా నిజంగా అలర్జీ ఉండదు. చిన్నప్పటి దద్దుర్లు చాలాసార్లు వైరస్ వల్ల వచ్చినవి. నిజమైన అలర్జీ కూడా ఏళ్లు గడిచేకొద్దీ చాలామందిలో పోతుంది. కానీ ఆ ముద్ర ఉన్నంతకాలం మీకు వాచ్ గుంపు మందులే రాస్తారు. అప్పుడు ఏం జరిగిందో, డోసు వేసిన ఎంతసేపటికి జరిగిందో, ఊపిరాడకపోవడం లాంటిది ఉందో లేదో రాసుకుని అలర్జీ నిపుణులను కలవండి. ఇంట్లో మీరే వేసుకుని చూడటం మాత్రం వద్దు.

ప్రశ్న: మా అమ్మగారి రిపోర్టులో ఈఎస్‌బీఎల్ ఇ.కొలై అని వచ్చింది. ఇన్‌ఫెక్షన్ తగ్గింది. ఆ బ్యాక్టీరియా ఇంకా ఒంట్లో ఉంటుందా? ఏం చేయాలి?

ఈఎస్‌బీఎల్ అంటే పెన్సిలిన్ జాతి మందులతో పాటు సెఫ్ట్రియాక్సోన్ లాంటివాటినీ విరిచే ఎంజైము. అది ఉన్న ఇ.కొలై పేగుల్లో కొన్ని నెలలు ఉండొచ్చు. దాన్ని తీసేయడానికని మందు వాడకూడదు, వాడితే ఇంకా మొండిదే మిగులుతుంది. కొత్తగా యాంటీబయాటిక్ పడకపోతే మామూలు బ్యాక్టీరియా మెల్లగా చోటు తిరిగి ఆక్రమించుకుంటుంది. ఇంట్లో ఆవిడను వేరుగా ఉంచాల్సిన పనిలేదు. మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, వంటకు ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. మంట, జ్వరం లేకుండా మళ్లీమళ్లీ మూత్రం కల్చర్ చేయించకండి. ఆ రిపోర్టును మాత్రం భద్రంగా దాచండి. ఎప్పుడైనా జ్వరంతో ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే మొదటి డోసు రాయకముందే అది డాక్టరు చేతిలో పెట్టండి. ఈఎస్‌బీఎల్ ఉన్న ఇ.కొలై సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగదు. ఆ సంగతి తెలియక మొదట అదే ఎక్కిస్తే, కల్చర్ రిపోర్టు వచ్చేదాకా ఆ రెండు మూడు రోజులూ ఆవిడకు పనిచేసే మందు పడనట్టే.